షావుకారు పులి

పులివేషపు మొదటి చార ఒంటి మీద పడ్డాక ఇక మాట్లాడకూడదు. అది తాత పెట్టుకున్న నియమం, కనుక ఇవాళ సింహాచలానికీ అదే నియమం. దాలయ్య కుంచెను మసిలో ముంచి, గిన్నె అంచుకి రాసి, "సెప్పాల్సిందేటైనా ఉంటే ఇప్పుడే సెప్పీ బాబూ. ఈ గీత పడ్డాక మళ్ళీ ఠాకురాణమ్మ ముందరే నీ నోరు తెరుసుకునీది" అన్నాడు. చెప్పాల్సింది ఉంది. అయితే అది దాలయ్యకి కాదు, పెరటి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్న నాయనమ్మకి. పొద్దున్నుంచీ ఆ తలుపు దాకా వెళ్ళడం, తిరిగి రావడం. వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఒకసారి ఆవిడ కునుకు తీస్తోంది, ఇంకోసారి వక్కలు కత్తిరిస్తోంది, ఆఖరిసారి ఏ అడ్డమూ లేదు, ఆవిడ తలెత్తి చూసింది, అంతే, అతను వెనుదిరిగాడు. సింహాచలం దాలయ్య వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. కుంచె వెన్ను మీద చల్లగా పాకింది. ఇక పులికి మాటలు లేవు.

నడవలో రెండు స్తంభాలకి అడ్డంగా కట్టిన వెదురుగడ మీద చేతులు చాపి నిలబడ్డాడు. కూర్చోకూడదు, దేనికీ ఆనుకోకూడదు, మోచెయ్యి మడవకూడదు, మడిస్తే రంగు పెచ్చులు లేస్తుంది. మధ్యాహ్నం పూసిన పసుపు రంగు తుమ్మజిగురుతో కలిపింది, ఆరేకొద్దీ ఒంటిని నాలుగువైపులా గుంజి కడుతున్నట్టుంది. చైత్రమాసపు ఎండ పెంకుల సందుల్లోంచి నేల మీద పడి, అక్కణ్ణుంచి లేచి ముఖానికి కొడుతోంది. దేశిబెహరా వీధి వైపు నుంచి డోళ్ళ చప్పుడు వస్తోంది. అమ్మవారు ఠాకురాణమ్మ పుట్టింటికి వచ్చి కూర్చుంది కదా, రెండేళ్ళకోసారి యాత్రకి వచ్చే ఆడపడుచు, ఊరంతా ఆవిడ వెనకే తిరుగుతోంది. ఇంత ఎండలో ఇంతసేపు తాత ఎలా నిలబడేవాడో. సింహాచలానిది గడకర్ర ఒళ్ళు, తాతది నిండు బస్తా. "మీ తాతకి పట్టీ రంగుతోటి రెండు పులుల్నీ ఒక కూననీ గీసీవొచ్చు" అనేవాడు దాలయ్య. ఆ పొట్ట మీద చారలు గీయడం ఒక పెద్ద పని. ఊపిరి పీలిస్తే చారలు విడిపోయేవి, వదిలితే దగ్గరికొచ్చేవి, దాలయ్య కుంచె గాల్లో పట్టుకుని తాత ఊపిరి నిలిచే క్షణం కోసం కాచుక్కూర్చునేవాడు. తాతకేమో చక్కిలిగింత ఎక్కువ. నవ్వకూడదు, మాట్లాడకూడదు, అందుకని కళ్ళు గట్టిగా మూసుకునేవాడు, పొట్ట మాత్రం ఆయన మాట వినకుండా అదిరిపోయేది. సింహాచలం చిన్నప్పుడు ఆ పొట్టకి ఎదురుగా పీట వేసుక్కూర్చుని, షావుకారు కొంచెం కొంచెంగా పులి అవడం చూసేవాడు. ముందు నడుం పోయేది, తరవాత భుజాలు, చివరికి ముఖం పోయేది, ముఖం పోయాక కూడా ఆ మూసుకున్న కళ్ళ చివర ముడతలు చూస్తే తాతే.

అలాంటి మనిషి పులేమిటని కొత్తవాళ్ళు నవ్వేవారు. నవ్వరా మరి. అప్పయ్య షావుకారంటే బరంపురం బడాబజారులో పసుపు టోకు వ్యాపారి, గట్టిగా తుమ్మితే పక్క దుకాణం వాళ్ళకి ఇబ్బందేమోనని తువ్వాలు అడ్డం పెట్టుకునే రకం. బల్లి పేరెత్తితే లేచి నిలబడేవాడు. ఎదురింటి కుక్క చచ్చిపోయిన చాలాకాలానికి కూడా ఆ ఇంటి ముందు అడుగు పక్కకి వేసి నడిచేవాడు. ఉరుము ఉరిమిందంటే అర్జునా ఫల్గుణా అంటూ వంటింటి గుమ్మంలో, నాయనమ్మ కొంగు కనిపించేంత దూరంలో పీట వేసుకునేవాడు. సోనేపూర్‌లో చేపలవాళ్ళ ఇళ్ళకి పసుపు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మనవడు సముద్రం చూడాలని పేచీ పెడితే తీసుకెళ్ళేవాడు, తీసుకెళ్ళి తడి ఇసక మొదలయ్యే చోట ఠక్కున ఆగిపోయేవాడు. "సూసినాం గదా, అదీ మనల్ని సూసింది, ఇంక పద" అనేవాడు. వెనక్కి వస్తున్నంతసేపూ సముద్రం వెంట వస్తోందేమోనని మధ్యమధ్య తిరిగి చూసుకునేవాడు. ఆ మనిషే యాత్రనాటి సాయంత్రం ఈ గడప దాటి వీధిలో పడితే పిల్లలు చెట్లెక్కేవారు. "సాహుకార బాఘొ ఆసిలా" అని ఒడియావాళ్ళు, షావుకారు పులొచ్చింది అని తెలుగువాళ్ళు, అరుగులు నిండిపోయేవి. ఆ పొట్టతో, ఆ పిక్కలతో, డోలు మీద దెబ్బ పడీ పడకముందే అంత ఎత్తు ఎగిరి ఎలా పడేవాడో, పడి నేలని వాసన చూస్తూ మెల్లిగా తల ఎలా తిప్పేవాడో. ఆ తల తిప్పడం చూస్తే పెద్దవాళ్ళక్కూడా వెన్ను జలదరించేది.

"కూసింత గెడ్డం ఎత్తు బాబూ" అని దాలయ్య ముఖం దగ్గరికొచ్చాడు. ముసలివాడైపోయాడు, చేతికి వణుకొచ్చింది, కుంచె ముఖానికి తాకగానే మాత్రం ఆ వణుకు ఏమైపోతుందో తెలియదు. "ఈ గుంటల్లోకి రంగెల్లి కూకుండిపోతంది. రాత్రికి కడుక్కున్నా వారం దాకా పోదు" అని గొణిగాడు. స్ఫోటకపు గుంటలు. ఆ రోగం దేశంలోంచే పోయిందని రేడియోలో చెప్పి కొన్నేళ్ళయింది, ఆనవాళ్ళు మాత్రం సింహాచలం ముఖాన ఉండిపోయాయి. అతనికి అమ్మవారు పోసింది మాటలు సరిగా రాని వయసులో. అదే నెలలో తల్లినీ తీసుకుపోయింది. తండ్రి ఖల్లికోటలో ఉన్న దుకాణానికి వెళ్ళినవాడు అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. వాకిలికి వేపమండలు కట్టిన ఈ ఇంట్లో అరటాకు మీద పడుకోబెట్టిన పసివాడూ, ముసలాయనా, ముసలావిడా మిగిలారు. ఇదంతా అతనికి జ్ఞాపకం లేదు, విన్నదే, విని విని జ్ఞాపకమైపోయింది. తాత తడిబట్టలతో పెరట్లో నిలబడి, "తల్లీ, ఒకర్ని తీసుకున్నావు, ఈణ్ణి నాకొదిలీ. నా కాళ్ళల్లో సత్తువున్నన్నాళ్ళు నీ యాత్రకి పులి ఆడతాను. నేను లేవలేనినాడు ఈడే ఒక్కపాలి ఆడి నీ మొక్కు ముగిస్తాడు" అన్నాడట. చీర పెడతాననో, వెండి కళ్ళు చేయిస్తాననో మొక్కుకోవాల్సిన షావుకారు పులినెందుకు మొక్కుకున్నాడని ఊరంతా అడిగింది. కుర్రతనంలో పసుపు కోసం ఫుల్బణి కొండదారిలో బండి కట్టుకుని వస్తుంటే పక్కనే పొదలో పులి గాండ్రించిందట, ఆ గాండ్రింపు జన్మంతా ఆయన చెవిలోంచి పోలేదు. లోకంలో తనకి దేనంటే అన్నిటికన్నా భయమో, అదే అమ్మవారికి ఇస్తానన్నాడు. పెద్దయ్యాక ఒకసారి సింహాచలం అడిగాడు, ఇంత పిరికివాడివి పులెలా ఆడతావు తాతా అని. తాత పసుపు చెయ్యి పంచెకి తుడుచుకుని, "పులికి ఏసమెందుకురా, భయపడీవోడికే కావాల" అన్నాడు.

పసుపు చెయ్యి. తాత అనుకోగానే ముందు వచ్చేది ఆ చెయ్యే, ముఖం తరవాత వస్తుంది. గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో, జందెం పోగుల్లో కూడా పసుపే. బడి లేనినాడు దుకాణంలో బస్తాల మీద ఎక్కి కూర్చోబెట్టేవాడు. కొండల నుంచి సరుకు తెచ్చినవాళ్ళు బస్తా మూతి విప్పగానే తాత చెయ్యి లోపలికి పోయి, అడుగునుంచి ఒక కొమ్ము పట్టుకుని పైకొచ్చేది. మనవడి చెవి దగ్గర పెట్టి ఫట్‌మని విరిచేవాడు. "ఏటన్నాది?" అని అడిగేవాడు. బాగా ఎండిన కొమ్ము లోహంలా మోగుతుంది, తడున్నది మెత్తగా తెగుతుంది, ఆ తేడా సింహాచలం చెవికి తెలిసే దాకా ఎన్ని కొమ్ములు విరిచి పారేశాడో. చెవి చెప్పాక కన్ను చూడాలి, ముక్క లోపల నారింజరంగు నిలువునా ఒకేలా ఉందా లేదా అని. బేరం ఆడేవాడే కాదు, ఆ చప్పుడు విని నవ్వితే సరుకు తీసుకున్నట్టు, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే వద్దన్నట్టు. ఇప్పుడు దుకాణంలో సింహాచలం కూర్చుంటున్నాడు. అతను కూడా విరుస్తాడు, చెవి దగ్గర పెట్టుకునే విరుస్తాడు, కానీ అడిగేవాళ్ళు లేకపోతే చప్పుడు ఏమన్నా ఒకటే. ఈమధ్య విరవడం కూడా మానేశాడు.

తాత పులిని మొదటిసారి చూసినరోజు. అది విన్నది కాదు, నిజంగా జ్ఞాపకమే. నాలుగడుగుల గోలెం వెనక నీళ్ళ వాసన, నాచు, మోకాళ్ళు తడిసిపోవడం. నడవలోకి పులి వచ్చింది, అతను కేక పెట్టి గోలెం వెనక దూరాడు. అందరూ నవ్వుతున్నారు, తాతేరా, తాతేరా అంటున్నారు, నమ్మకం ఎలా కుదురుతుంది, తాత అయితే నోరు విప్పి చెప్పడా. పులి నోరు విప్పలేదు. దగ్గరికి వచ్చిన కొద్దీ కేకలు ఎక్కువయ్యాయి. అప్పుడు పులి నేల మీద చతికిలబడి కూర్చుంది, దాలయ్య నెత్తి బాదుకున్నాడు, కూర్చుంటే తొడల మీద రంగంతా పోతుంది కదా. కూర్చుని, ఎక్కణ్ణుంచో ఒక పసుపుకొమ్ము తీసి, గోలెం పక్కనుంచి చెయ్యి చాపి, ఫట్‌మని విరిచింది. అంతే. అతను గోలెం చుట్టూ తిరిగి వచ్చి పులి ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు. చొక్కానిండా చారలు. ఆ యాత్రకి అప్పయ్య షావుకారు పొట్ట మీద చారలు లేని పులి ఆడాడని చాలాకాలం చెప్పుకున్నారు.

బయట అరుగు మీద డోలు వాయించే కొండలు తాళ్ళు బిగిస్తూ, మధ్యలో ఒక దెబ్బ వేసి చూసుకుంటున్నాడు. సింహాచలం పిక్కలో ఏదో కదిలింది. మొన్నటి యాత్రకి తాత మంచంలో ఉన్నాడు, మళ్ళీ లేచి తనే ఆడతానన్నాడు, ఇంట్లోంచి పులి వెళ్ళలేదు. వీధిలో డోలు పోతుంటే దుప్పటి కింద కాలివేళ్ళు దెబ్బకి ఒక్కొక్కటీ ఆడటం అతను చూశాడు. నాయనమ్మ కూడా చూసింది, చూసి దుప్పటి సర్దే నెపంతో ఆ పాదాలని ఒక్కక్షణం పట్టుకుంది. ఆ ఆడని ఏడు ఆవిడకి ఎలా గడిచిందో ఆవిడకే తెలియాలి. ఎందుకంటే యాత్రనాటి ఈ గంట తాతదే కాదు, ఆవిడది కూడా. పసుపునీళ్ళతో కాళ్ళు కడగందే పులి గడప దాటకూడదు, ఆ కడగడం ఇంటి పెద్ద ఆడమనిషి చేతులమీదుగానే జరగాలి. రంగు ఆరేదాకా ఆయన కదలకూడదు, నోరు విప్పకూడదు. ఇంతకన్నా అదను ఏ ఇల్లాలికి దొరుకుతుంది. నాయనమ్మ జగ్గమ్మ ఇత్తడి పళ్ళెం ముందు పెట్టుక్కూర్చుని రెండేళ్ళ ఫిర్యాదులన్నీ అప్పుడు విప్పేది. మామూలు రోజుల్లో ఏవండీ అనీ మీరు అనీ తల వంచుకుని మాట్లాడే మనిషి, పులిని మాత్రం నువ్వు అనేది. దేవుణ్ణి మీరంటామేటి అనేది అడిగితే. "మా సెల్లి పెళ్ళికి పట్టుసీర కొంతానన్నావు, కొన్నావా? మీ అక్క నన్నన్ని మాటలంటే ఉలకవేటి? నిన్నే, పులీ, ఇంతన్నావా?" అని బొటనవేలు పట్టి లాగేది. పులి కళ్ళు మూసుకుని అన్నీ వినేది. మర్నాడు మళ్ళీ ఆయన మీరు, ఈవిడ ఏమే. ఆ వారంలోనే ఏ సాయంత్రమో తాత చేతిసంచీలోంచి పట్టుచీర బయటికొచ్చేది, ఎందుకొచ్చిందో ఇద్దరూ ఒక్కమాట అనుకునేవారు కాదు. సింహాచలానికి ఊహ తెలిశాక అది చూసి నవ్వొచ్చేది, పెళ్ళయ్యాక నవ్వు రావడం మానేసింది, వాళ్ళ మీద అసూయ పుట్టింది.

తలుపు చప్పుడైందనుకుని తల తిప్పబోయాడు, దాలయ్య గడ్డం పట్టుకుని వెనక్కి తిప్పాడు. నాయనమ్మ కాదు, వాసవి. చేతిలో ఇత్తడి పళ్ళెం, చెంబు. భర్త ముఖంలోకి చూడటానికి ఆమెకి కొంచెం భయంగానే ఉన్నట్టుంది, నేలవైపు చూస్తూ అంది. "నాయనమ్మగారు రానంటున్నారండీ. ముండమోసినదాన్ని, శుభమా అని మొక్కు తీరుస్తా ఉంటే నేనెదురొస్తానేటి, నువ్వే కడిగీ అంటున్నారు. కొండలన్న కూడా పొద్దోతందంటున్నాడు. నేను కడిగీయనా?" సింహాచలం తల అడ్డంగా ఊపాడు. వాసవి పళ్ళెం గడప పక్కన పెట్టి, తడికళ్ళో చెమటో తుడుచుకుంటూ వెళ్ళింది. ముండమోయడం వంక అని అతనికి తెలుసు. ఇంట్లో అన్ని శుభాలకీ ముందుండేది ఆవిడే, వద్దనే ధైర్యం ఈ వీధిలో ఎవరికీ లేదు. ఆవిడ రాకపోవడానికి కారణం వేరే ఉంది, అది ఆవిడకీ తనకీ మాత్రమే తెలుసు. ఆవిడకి సగమే తెలుసని అతని నమ్మకం. మిగతా సగం సింహాచలం దగ్గర ఉంది.

తాత ఆఖరి రోజు, వాన పడుతున్న మధ్యాహ్నం. కిటికీ పక్క మంచం. నాయనమ్మ ఎన్నాళ్ళనుంచో ఆ మంచంపట్టె వదలలేదు, తిండి కూడా అక్కడే, చేతిలో తాత చెయ్యి పెట్టుకుని కునుకు తీసేది. ఆ పూట తాత కళ్ళు తెరిచాడు, బాగా తేటగా ఉన్నాయి. "ఏమే, నాలిక పిడసకట్టుకుపోతంది. రవ్వంత గంజి తే" అన్నాడు. అన్ని రోజుల తరవాత నోరు తెరిచి ఏదో అడిగాడని సింహాచలానికి ఎంత సంతోషం వేసిందో. ఆవిడ చెయ్యి విడిపించుకుని లేచి వెళ్ళింది. ఆవిడ పాదాలు గుమ్మం దాటేదాకా తాత చూశాడు, దాటగానే ఊపిరి మారిపోయింది. సింహాచలం నాయనమ్మా అని పిలవబోతే ఆ పసుపు చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. వద్దు అని కళ్ళతోనే. ఆవిడ ముఖం చూస్తూ వెళ్ళిపోవడానికి భయపడ్డాడు ఆ మనిషి, బల్లికీ కుక్కకీ సముద్రానికీ భయపడ్డట్టే. గంజి గిన్నెతో ఆవిడ వచ్చేసరికి ఆ చెయ్యి వదులైపోయింది. గిన్నెలోంచి ఆవిరి లేస్తూనే ఉంది. ఆవిడ ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో ఒకే మాట చెప్పింది, "సెప్పకుండా ఎల్లిపోనాడు" అని. సంవత్సరీకం అయింది, ఇప్పటికీ తాత ప్రస్తావన వస్తే అదొక్క మాటే, ఆ తరవాత ముఖం గోడవైపు. ఆయన కావాలనే నిన్ను లేపి పంపాడు నాయనమ్మా అని చెబితే ఆవిడ బాధ తీరుతుందా, రెట్టింపవుతుందా. అకస్మాత్తుగా పోయాడనుకోవడం నయమా, నా ముఖం వద్దనుకుని పోయాడనుకోవడం నయమా. ఇన్నాళ్ళూ ఈ రెంటి మధ్యా తూగి తూగి, ఇవాళ మొదటి చార పడేలోగా చెప్పేద్దామనుకున్నాడు, అదీ దాటిపోయింది.

పోనీ ఇదే మంచిదేమో. కాళ్ళు కడిగే మనిషి లేకపోతే పులి గడప దాటదు, దాటకపోతే మొక్కు ముగియదు. ముగియకపోతే తాతకి ఈ ఇంట్లో ఇంకా ఒక పని ఉన్నట్టే కదా. ఎవరికీ చెప్పుకోలేదుగానీ సింహాచలం మనసులో ఇదొక పురుగు. అందరూ మొక్కు తీరుతోందని సంతోషిస్తున్నారు, తీరాక ఈ ఇంటికి పులి రాదు, మళ్ళీ యాత్రకి దాలయ్య ఈ గిన్నెలు పట్టుకుని రాడు, తాత పూర్తిగా పోతాడు. మనిషి పోవడం ఒక్కరోజుతో అయిపోదు, కొంచెం కొంచెంగా పోతాడు. మొదట మంచం పోయింది, తరవాత చేతికర్ర ఎవరో అడిగి పట్టుకుపోయారు, దుకాణంలో ఆయన కూర్చునే చాప చివికిపోయింది, ఇక ఈ పులి మిగిలింది. నాయనమ్మ కూడా దీన్నే పట్టుకుని ఆ గదిలో కూర్చుందేమో. అలా అనుకోగానే ఆవిడ మీద ఇన్నాళ్ళూ లేని ప్రేమ పొంగుకొచ్చింది, తామిద్దరూ ఒకే దొంగతనంలో భాగస్థులైనట్టు. దాలయ్య మీసాలు గీసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూశాడు. గిన్నెలు సర్దుకోవడం మానేసి స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. "అచ్చు ఆయనే" అన్నాడు, "పొట్టొక్కటే నేదు." కొండలు గుమ్మంలోంచి తొంగి చూశాడు. ఎండ వాలి నడవలో నీడ పడింది, ఎక్కడో ఇంకో పులి డోలు మోగుతూ వీధి మలుపు తిరిగిపోయింది.

పెరటి గది తలుపు కిర్రుమంది. నాయనమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. నెరిసిన తల, కుంకుమ లేని నుదురు, ఉతికిన తెల్లచీర. ఎవరి వైపూ చూడలేదు. గడప పక్కన పళ్ళెం ఉన్నచోటికి వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లిగా కూర్చుని, చెంబులో నీళ్ళలో వేలు ముంచి చూసింది. "వాసవీ, ఇందులో పసుపేదే?" అంది. వాసవి పరిగెత్తుకుంటూ తెచ్చిన పసుపు అరచేతిలో నలిపి నీళ్ళలో కలిపింది. సింహాచలం గడ వదిలి వచ్చి పళ్ళెంలో కుడిపాదం పెట్టాడు. నీళ్ళు చల్లగా పడ్డాయి. ఆవిడ వేళ్ళు పాదం మీద నడిచాయి, బొటనవేలి దగ్గర ఆగాయి.

"ఏటి, ఇలాగ సన్నగైపోనావు?" అంది ఆవిడ.

దాలయ్య లేచి కొండలుని తీసుకుని అరుగు మీదకి వెళ్ళిపోయాడు. వాసవి వంటింట్లోకి తప్పుకుంది.

"నువ్వెల్లినకాడినుంచి నా గోడు ఇనీవోళ్ళు నేరు. పక్కింటోళ్ళు వాళ్ళ మురికినీళ్ళు మనేపుకి మళ్ళించీసినారు, అడిగితే అరిసినారు. పెరట్లో కోతులు పెంకులన్నీ తీసీసినాయి. నా మోకాళ్ళు నా మాట ఇనడం మానీసినాయి. వాసవి బంగారవేగాని, ఏ కూరలోనైనా సింతపండు తగ్గించదు. ఇంక నీ మనవడు, ఆడికి ఏటైందో, పసుపు ఇరిసి సూడకుండా కొనీస్తన్నాడంట, బజారంతా అనుకుంతన్నారు. ఆడికి సెప్పు. నేను సెప్తే ఇనడు." ఎడమపాదం ఎత్తి పళ్ళెంలో పెట్టించింది. పసుపునీళ్ళు వేళ్ళ సందుల్లోకి పోసింది. చీలమండ చుట్టూ చేత్తో రుద్దింది.

"ఆ పూట నీకాకలి నేదు. నాకు తెలీదేటి. ఇన్నేళ్ళు వండి పెట్టినదాన్ని, నీ ఆకలి నాకు తెలీదేటి. గంజి అడిగినావు. పొయ్యి మీద అప్పటికే కాసుంది, గిన్నెలోకి ఒంపి తేవడానికి ఎంతసేపు. ఒంపినాను. ఒంపి అక్కడే నిలబడిపోనాను. నన్ను ఎల్లమన్నావని ఎల్లినాను, నువ్వెల్లేదాకా రాకూడదని నిలబడినాను. సల్లారిపోతే మళ్ళీ మరగబెట్టి నిలబడినాను. వానసప్పుడులో నీ ఊపిరి ఇనబడతాదేమోనని సెవొగ్గినాను, అది ఇనబడలేదు." కొంగుతో పాదం తుడవడం మొదలుపెట్టింది, ఒక్కొక్క వేలే విడిగా తుడిచింది. "సెప్పకుండా ఎల్లిపోనావని ఊరందరికీ సెప్పినాను. కోపమొచ్చి సెప్పినాను. నువ్వు సెప్పే ఎల్లినావు."

సింహాచలానికి వంగి ఆవిడ తల గుండెకి హత్తుకుని, నాకూ తెలుసు నాయనమ్మా అని గట్టిగా ఏడవాలనిపించింది. పులి కనుక నోరు విప్పలేదు. కళ్ళనీళ్ళు కారి దాలయ్య గీసిన మీసాల మీదుగా దిగాయి. ఆవిడ తల ఎత్తి ఆ ముఖాన్ని మొదటిసారి సరిగ్గా చూసింది, చాలాసేపు చూసింది.

"ఇంకెల్లు" అంది. "అమ్మోరు సూస్తంటాది."

గోడ పట్టుకుని లేచి, పళ్ళెం చేత్తో తీసుకుని, గడప పక్కకి జరిగి దారిచ్చింది.